మొహం మిగిలిపోయిన మేరీమాత

పాలిష్ షాపు, వెనక గది
జూన్, సోమవారం

అక్క అనబడు పెద్దావిడకీ, ఆవిడ ముక్కు మీది కళ్ళజోడుకీ, ఆవిడ భుజం మీంచి తొంగిచూసి పరాయి ఉత్తరాలు చదివే బావగారికీ గంభీరముగా ప్రకటించడమైనది:

నేటి నుంచి మా ఇంట చిరిగిన నా బనీన్లన్నియూ రంగులు తుడుచు గుడ్డలుగా హోదా పెంచబడినవి. నేను గడ్డం గీసుకొను మగ్గు, బ్రష్షులు కడుగు మగ్గుగా నియమింపబడినది. సదరు మగ్గులో పొరపాటున టీ తాగినవారికి సర్కారు బాధ్యత వహించదు. తాగింది కూడా సర్కారే, అంటే మీ మరదలు. అప్పట్నుంచి సర్కారు నాతో మాట్లాడ్డం లేదు.

విషయం ఏమిటంటే, నేను బొమ్మలు వెయ్యడం నేర్చుకుంటున్నాను. నూనె రంగులతో. నవ్వుకో. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

ఊరందరి బల్లలూ మెరిపిస్తాడు, వీడి ఇంట్లో బీరువా చూస్తే మసిబట్టిన బాణలిలా ఉంటుంది అని ఎవరో అన్నారట. మీ మరదలికి పౌరుషం వచ్చింది. సరే, పాలిష్ కొడదామని అమ్మ బీరువా ముందుకి లాగాను. దాని వెనక, మొహం గోడవైపు తిప్పి, ఒక బొమ్మ. బూజు దులిపి ఇటు తిప్పాను. నీలం ముసుగు. ఒక చెయ్యి పుస్తకం మీద, ఒక చెయ్యి గాలిలో. మొహం మాత్రం నిండా ఆకుపచ్చ.

మీ మరదలు హడలిపోయి, "ఎవరండీ ఈవిడ, ఇంత అన్యాయంగా జబ్బు పడింది?" అంది.

"మా అక్క."

"వదిన ఎర్రగానే ఉంటుందిగా?"

"అక్క వేసిన బొమ్మే."

"వదినా? బొమ్మలా?" అని నా మొహం వంక చూసింది, ఇది కూడా నా కోతివేషాల్లో ఒకటేమోనని. ఇన్నేళ్ళలో నేను నిజం చెప్పినా నమ్మకపోవడం ఇదే మొదటిసారి కాదు. తప్పు నాదే.

నాకేమో నిక్కర్ల వయసు గుర్తొచ్చింది. నీ పక్కన కూచుని బ్రష్షు కాడలు నమిలేవాణ్ణి కదా. మర్నాడే వెళ్ళి మాస్టారి క్లాసులో చేరాను. అవును, ఆయనే. ఉన్నారు, గుండ్రాయిలా ఉన్నారు. అదే బేకరీ, అదే పై గది, అదే పద్ధతి. పాత ఇటలీ వాళ్ళు వేసిన దేవుడి బొమ్మ ఒకటి పట్టుకుని, అది పూర్తయ్యేదాకా దానికే నకలు తియ్యాలి. "నకలు తియ్యడమంటే ఆ పోయినాయన నీ చెయ్యి పట్టుకుని దిద్దించడం" అన్నారు. నేను నీ మేరీమాతనే అడిగి తీసుకున్నాను. అసలు వేసినాయన పేరు మాస్టారు చెప్పారు గానీ నాకు నోరు తిరగలేదు.

ఒకటే అనుమానం. నువ్వు ఆకుపచ్చ దగ్గర ఎందుకు ఆపేశావు? గులాబీ రంగు అయిపోయిందా?

ఇట్లు
ఏడో క్లాసు తప్పి, యాభయ్యో ఏట మళ్ళీ బడిలో చేరిన
తమ్ముడు


కళ్ళద్దాల షాపు, కౌంటరు వెనక

ఒరేయ్ కోతీ,

బొమ్మ ఎక్కడుందో అక్కడే పెట్టు. మొహం గోడవైపే ఉండాలి.

రంగు అయిపోలేదని నీకు తెలుసు. తెలిసి అడగడం నీకు పుట్టినప్పట్నుంచీ ఉన్న రోగం. అయినా నీ నోటితో ఇంకో నలుగురికి ఇంకోలా చెప్పేలోపు నేనే చెప్తాను. ఆ రోజు మొహానికి కింద వేసిన ఆకుపచ్చ ఆరింది. పైన గులాబీ పొర మొదలెట్టాలి. రంగు కలుపుకుని కూచున్నాను. మాస్టారు వచ్చి నా వెనక నిలబడి, క్లాసంతా వినేట్టు, "గీత తప్పలేదు, రంగు తప్పలేదు, ప్రాణం ఒక్కటే లేదు. నీది గుమాస్తా చెయ్యమ్మా" అన్నారు. నేను బ్రష్షులు కడిగేసి ఇంటికొచ్చాను. అంతే. గుమాస్తా చెయ్యి అన్నారు కదా, గుమాస్తా పనే చేసుకున్నాను. తప్పేముంది? ఇక్కడ నా గీత తప్పకపోబట్టే ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు సూదిలో దారం ఎక్కించగలుగుతున్నారు.

నువ్వు నేర్చుకో, వద్దనను. ఆయన దగ్గర నా పేరు ఎత్తావంటే మాత్రం నీ మీసం ఒకవైపే ఉంటుంది.

గళ్ళు గీసుకుని బొమ్మ దించుకునేటప్పుడు పెన్సిల్ వాడకు. బొగ్గుతో గీసి దులిపెయ్యి. పెన్సిల్ గీత ఏళ్ళు గడిచాక రంగులోంచి పైకి తేలుతుంది. ఇంతకుమించి నన్నేమీ అడగకు, నాకు గుర్తు లేదు.

మరదల్ని ఆ మగ్గు పారేసి కొత్తది కొనుక్కోమను.

అక్క


షాపు ముందు బెంచీ
జూలై

అక్కా,

గుర్తు లేదంటూనే బొగ్గు సంగతి చెప్పావు. గుర్తుంటే ఇంకేం చెప్పేదానివో!

పెన్సిల్ గళ్ళు చెరిపి బొగ్గుతో గీశాను. మాస్టారు చూసి, "ఎవరు చెప్పారు?" అన్నారు. "కలలో చెప్పారండీ" అన్నాను. "అయితే ఇంటికెళ్ళి పడుకో, ఇక్కడేం పని?" అన్నారు. ఆ నోటికి నేను సరిజోడే అనిపించింది.

ఆ గది నువ్వు మర్చిపోయి ఉంటావు. కిందనుంచి కాలుతున్న రొట్టె వాసన, పైన టర్పెంటైన్ వాసన. రెండూ కలిస్తే ఆకలేస్తుంది కానీ తినబుద్ధి కాదు. నా కుడిపక్క ఒక నర్సు. దేవదూత రెక్కలు వేస్తోంది, ఒక్కో ఈక దూదితో తుడిచినట్టు శుభ్రంగా. ఎడంపక్క రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన గడ్డం సాధువు బొమ్మ పట్టుకున్నాడు. ఎన్నిసార్లు దిద్దినా ఆ సాధువు ఆకాశం వంక చూడడు, తిన్నగా రోడ్డు వంకే చూస్తాడు. మాస్టారు స్లిప్పర్లు ఈడ్చుకుంటూ అందరి వెనకా తిరుగుతారు. మాట్లాడరు. వెనక నిలబడి గట్టిగా ఊపిరి పీలుస్తారు. అదే తిట్టు. నోరు విప్పితే అంతకన్నా దారుణం. మొన్న నాతో, "నీది పాలిష్ చెయ్యి" అన్నారు. నిజమే కదా, నేనేమీ అనుకోలేదు.

మొహానికి ఆకుపచ్చ మట్టిరంగు వేశాం. ఒట్టి గులాబీ వేస్తే మొహం మిఠాయిలా ఉంటుందట. కింద చల్లటి రంగు ఉంటేనే పైన ఒంటి వెచ్చదనం తెలుస్తుందట. ఆరడానికి ఇంటికి తెచ్చి నీ బొమ్మ పక్కన నిలబెట్టాను. ఇద్దరు ఆకుపచ్చ ఆడవాళ్ళని చూసి మీ మరదలు, "మీ ఇంటి ఆడపిల్లలందరికీ ఇదే జబ్బా?" అంది. పక్కింటావిడ వచ్చి నా బొమ్మని చూసి దణ్ణం పెట్టబోయి, చెయ్యి సగంలో దించేసింది.

ఇక అసలు సంగతి. నువ్వు పేరు ఎత్తొద్దన్నావు. ఎత్తలేదు. బొమ్మ ఎత్తుకెళ్ళొద్దని నువ్వు రాయలేదు. గోనెసంచీలో చుట్టి సైకిలు వెనక కట్టుకుని వెళ్ళాను. ఇంకా ఎవరూ రాకముందే కిటికీ దగ్గర ఆనించి, నాకేమీ తెలియనట్టు బ్రష్షులు తుడుచుకుంటూ కూచున్నాను. మాస్టారు వచ్చారు. ఆగారు. చాలాసేపు చూశారు.

"ఈ చేతులు ఎవరు వేశారు?" అన్నారు.

"ఎవరో పాత స్టూడెంటండీ" అన్నాను.

"ఈ చేతుల్లో ఎముకలున్నాయి. పైకెత్తిన చెయ్యి చూడు, వద్దంటోందో రమ్మంటోందో తెలియడం లేదు. అసలు బొమ్మలోనూ అంతే. అది నకలు తియ్యడం నా వల్ల కూడా కాలేదు."

అంతే అన్నారు. తర్వాత నా వెనక్కొచ్చి ఊపిరి పీల్చారు.

తమ్ముడు


ఇంట్లో, కుట్టుమిషను బల్ల దగ్గర

తమ్ముడూ,

ఉత్తరం వచ్చి వారం దాటింది. జవాబు రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ఆయన సరిగ్గా ఏమన్నారు? నీ మసాలా తీసేసి, ఆయన నోటిలోంచి వచ్చిన మాట వచ్చినట్టు మళ్ళీ రాయి. "ఎముకలున్నాయి" అన్నారా, "ఎముకలు కనిపిస్తున్నాయి" అన్నారా? రెంటికీ తేడా ఉంది. ఎముకలు కనిపిస్తే తప్పు వేసినట్టు.

నిలబడి చూశారా, కూచునా? ఎంత దూరం నుంచి? కళ్ళజోడు పెట్టుకుని చూశారా, లేకుండానా? ఆ వయసులో కళ్ళజోడు లేకపోతే చేతి దూరంలో ఉన్నది ఏదీ తిన్నగా కనపడదు. రోజూ షాపులో చూస్తున్నాను, ధర చీటీని మూర దూరం పట్టుకుని చదవబోయి, చదవలేక, ఖరీదు ఎక్కువని వెళ్ళిపోతారు.

నేను ఎందుకు అడుగుతున్నానో నీకు అక్కర్లేదు.

మీ బావ ఈ మధ్య నీ ఉత్తరాలు నాకంటే ముందు చదువుతున్నారు. ఈసారి కవరు గట్టిగా అంటించు.

అక్క


పాలిష్ షాపు, వెనక గది
ఆగస్టు

అక్కా,

నువ్వు షాపులో కూచోకుండా కోర్టులో ఉండాల్సింది. సరే, ముద్దాయి వాంగ్మూలం ఇది.

"ఎముకలున్నాయి" అన్నారు. నిలబడే చూశారు. ముందు గుమ్మం దగ్గర్నుంచి, తర్వాత దగ్గరికొచ్చి, వంగి. కళ్ళజోడుతోనే చూశారు. జేబులోంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నారు. పాత కళ్ళజోడు, ఒక కాడ వదులైపోయి దారం చుట్టి ఉంది. చాలా? ఏ చెవికి ముందు తగిలించుకున్నారో కూడా కావాలా?

ఇప్పుడు నా గోడు విను. నా మేరీమాతకి మొహం పోయింది.

గులాబీ పొరలు వేసి రెండు వారాలైంది. ముట్టుకుంటే వేలికి అంటడం లేదు. అంటకపోతే ఆరినట్టే కదా అనుకున్నాను. మొహం మాత్రం మెరుపు లేకుండా మొద్దుగా ఉంది. మెరుపు లేనిది కంటపడితే నా చెయ్యి ఊరుకోదు, అది పొట్టకూటి రోగం. గుడ్డ ఉండ చుట్టాను. స్పిరిట్టులో కరిగిన లక్క పాలిష్ ఉంటుందే, అందులో ముంచాను. బల్లకి కొట్టినట్టే గుండ్రంగా తిప్పాను. మొదటి చుట్టుకి ఎంత మెరిసిందనుకున్నావు! రెండో చుట్టుకి ముక్కు గుడ్డలోకి వచ్చేసింది. మూడో చుట్టు ఎందుకు తిప్పావని అడక్కు. చెయ్యి అలవాటు, తిరిగింది.

మాస్టారికి చూపించాను.

"ఎవరిది?" అన్నారు.

"మేరీమాతండీ."

"ఎక్కడికెళ్ళింది?"

నర్సు పక్కకి తిరిగి నవ్వింది. డ్రైవరు మాత్రం, "బండి బోల్తా కొట్టాక ఎవరూ నవ్వకూడదమ్మా" అన్నాడు. మంచివాడు.

ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. మాస్టారు చెప్పరు, "పాడు చేసినవాడే బాగు చెయ్యాలి" అంటారు.

ఇంకోటి. కుర్చీల వ్యాను మీ ఊరు వస్తోంది. కుర్చీల మధ్యన గోనె చుట్టి నీ బొమ్మ పంపిస్తున్నాను. ఇక్కడుంటే ఏదో ఒక రోజు దానికి కూడా పాలిష్ కొట్టేస్తానని భయంగా ఉంది. నా మీద నాకే నమ్మకం లేదు. నీకు ఎలాగూ ఎప్పుడూ లేదు.

తమ్ముడు


ఇంట్లో
ఆగస్టు చివర

ఒరేయ్ దరిద్రుడా,

లక్క పాలిషా! స్పిరిట్టా! నూనె రంగు పైకి ఆరినట్టు కనపడుతుంది, లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుందిరా. ఎవడైనా పసిపిల్ల మొహాన్ని గచ్చు తోమే బ్రష్షుతో తోముతాడా? చదువుతుంటే నా మొహమే మండింది.

విను. పోయిన గులాబీ అంతా టర్పెంటైన్ గుడ్డతో మెల్లిగా తుడిచెయ్యి. కింది ఆకుపచ్చ గట్టిపడి ఉంటే అది మిగులుతుంది, దాన్ని గీకకు. బాగా ఆరనివ్వు. మళ్ళీ మొదలెట్టేటప్పుడు కింది పొరల్లో నూనె తక్కువ వాడు, పైకి వెళ్ళేకొద్దీ పెంచు. తలకిందులు చేశావంటే పై పొర ముందు గట్టిపడి, కింది పొర తర్వాత కదిలి, మొహం అంతా ఎండిన చెరువులా నెర్రెలు విచ్చుతుంది. గులాబీ ఒక్కసారిగా మెత్తకు. బుగ్గ మీద మొదలెట్టి, దవడ దగ్గరికొచ్చేసరికి బ్రష్షులో ఏమీ ఉండకూడదు. అక్కడ ఆకుపచ్చని అలాగే వదిలెయ్యి. అదే నీడ అవుతుంది. నీడని ఎవరూ వెయ్యరు, వదిలేస్తారు. వార్నీషు మాట ఏడాది దాకా ఎత్తకు. నీ పాలిష్ డబ్బాకి తాళం వేసి తాళంచెవి మరదలికివ్వు.

బొమ్మ చేరింది. మూల కొంచెం నలిగింది. బీరువా వెనక పెట్టేశాను, మొహం గోడవైపు. నేను దాన్ని ముట్టుకోను. ఇది నీకు ముందే చెప్తున్నాను, తర్వాత అడగొద్దు.

అక్క

(కింద వేరే చేతిరాత)

బావమరిదికి ఆశీస్సులు. కవర్లు అంటించే పని నాది కనక ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. బొమ్మ బీరువా వెనక లేదు. వంటింట్లో, కిటికీ పక్కన, గిన్నెలు ఆరబెట్టే చోట ఉంది. గిన్నెలు ఇప్పుడు నా కుర్చీలో ఆరుతున్నాయి. పెద్ద పళ్ళెం మీద రంగులు కలిపింది, చూశాను. వేస్తోంది. తుడిచేస్తోంది. నిన్న కూడా వేసి తుడిచేసింది. తుడిచాక సింకు దగ్గర నీళ్ళు వదిలేసి చాలాసేపు నిలబడుతోంది. నేను ఏమీ చూడనట్టు పేపరు చదువుతున్నాను. పేపరు తలకిందులుగా పట్టుకున్నానని ఆవిడే చెప్పింది. ఏం చెయ్యాలో తెలియడం లేదు. నీకు తెలిస్తే రాయి. వంట నేనే చేస్తున్నాను. అది ఆవిడకి ఇంకో కష్టం.

బావ


షాపు ముందు బెంచీ
సెప్టెంబరు

అక్కా,

నువ్వు చెప్పినట్టే తుడిచాను. ఆకుపచ్చ మిగిలింది. మీ మరదలు తాళంచెవి నడుముకి దోపుకుని తిరుగుతోంది, ఖజానాకి కూడా అంత కాపలా ఉండదు.

మళ్ళీ గులాబీ మొదలెట్టాను. వేసింది వేసినట్టే చెడిపోతోంది. చెడితే తుడుస్తున్నాను. మొన్న మాస్టారు, "నీ మేరీమాతకి మెడ ఏదీ?" అన్నారు. "ముసుగులో ఉందండీ" అన్నాను. "ముసుగులో ఉన్నదే ముందు వెయ్యాలి" అన్నారు. సిగ్గేసింది కానీ సంతోషంగానే ఉంది. చెప్తే నవ్వుతావు, నేను తుడిచిన ప్రతిసారీ ఆ కింది ఆకుపచ్చ చెక్కుచెదరకుండా నా వంకే చూస్తోంది. నువ్వు ఎంత పాడు చేసినా నేను ఇక్కడే ఉంటాలే అన్నట్టు. అది ఉన్నంతకాలం తుడిచినవాడికి నష్టమేమీ లేదు. ఊరికే రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందేమోనని.

మీ వంటింట్లో వెలుతురు ఎటునుంచి వస్తుంది? ఇదీ ఊరికే.

బావగారికి కూర మాడకుండా ఉండాలంటే మంట తగ్గించమని చెప్పు. ఇదీ ఊరికే.

తమ్ముడు


ఇంట్లో, వంటింటి కిటికీ దగ్గర
నవంబరు

తమ్ముడూ,

నీకు ముందే తెలుసని నాకు తెలుసు. మీ బావకి రహస్యం దాచుకోవడం చేతకాదు. నీ ఉత్తరం వచ్చిన పూట మంట తగ్గించి వండారు, అప్పుడే పట్టుకున్నాను.

మొహం అయింది.

బుగ్గ దగ్గర మొదలెట్టాను. మొదటిసారి వేసింది షాపు బోర్డు మీద అమ్మాయిలా వచ్చింది, తుడిచాను. రెండోసారి మరీ జాగ్రత్తగా వేశాను, ప్రతి గీతా సరిగ్గా ఉంది. చూస్తే ఆయన మాటే వినపడింది. తుడిచాను. మూడోసారి తుడిచాక బ్రష్షులు కడిగి గుడ్డలో చుట్టేశాను. పూర్వం క్లాసు మానేసిన రోజులాగే చుట్టేశాను, నీకు చెప్పడానికేం? మీ బావ ఇంట్లో లేరు. బొమ్మ తీసి మళ్ళీ గోడవైపు తిప్పబోతుంటే ఆ చేతులు కనపడ్డాయి. "ఎముకలున్నాయి" అన్నారు కదా ఆయన. ఆ మాట ఒక్కటి నువ్వు రాసి ఉండకపోతే ఆ పూట బొమ్మ తిప్పేసేదాన్నే. గుడ్డ విప్పి మళ్ళీ రంగు కలిపాను.

ఈసారి చేతులు వేసినప్పుడు ఎలా వేశానో అలా వేశాను, అసలు బొమ్మ వంక ఎక్కువ చూడకుండా. కింది పెదవి కింద, దవడ పక్కన, కనురెప్పల మీద ఆకుపచ్చ వదిలేశాను. ఇన్నేళ్ళుగా గోడవైపు తిరిగి ఉన్న ఆకుపచ్చ అది. దాని మీద గులాబీ పడగానే ఎవరో ఊపిరి పీల్చినట్టయింది. మీ మాస్టారి ఊపిరి కాదులే.

మీ బావ వచ్చి దగ్గరగా వంగి చూశారు. తర్వాత, "ఇంక వంట నువ్వు చేస్తావా?" అన్నారు. నేను నవ్వాను. నవ్వుతూ ఏడ్చాను, అది రాయకూడదు గానీ రాసేశాను.

తడి బాగా ఆరాక, వచ్చే నెల మొదటి ఆదివారం బొమ్మ తీసుకుని వస్తున్నాం. మాస్టారికి చూపించాలి. మెచ్చుకోవాలని కాదు. మెచ్చుకున్నారు కదా, చాలు. ఆ చేతుల మాట ఆయన నోటితో ఒక్కసారి వినాలి. తర్వాత ఇంకేమీ అడగను.

ఆయన కళ్ళజోడు కాడకి దారం చుట్టి ఉందన్నావు. మా షాపులో తేలికైన ఫ్రేము ఒకటి పక్కన పెట్టాను. అద్దం పవరు అక్కడికొచ్చి చూస్తాను. నా గుమాస్తా చేతులతోనే బిగిస్తాను.

నీ మేరీమాతకి మెడ వచ్చిందా?

అక్క


పాలిష్ షాపు, వెనక గది
నవంబరు చివర

అక్కా,

మెడ వచ్చింది. కాస్త పొడుగ్గా వచ్చింది. నర్సు, "కొంగకి మొక్కుకోవచ్చు" అంది.

నీ ఉత్తరం చదివి ముందు సంతోషించాను. తర్వాత ఆదివారం అన్నచోట ఆగిపోయాను. మాస్టారు ఊరెళ్ళారని రాద్దామనుకున్నాను. కాలు విరిగిందని రాద్దామనుకున్నాను. బేకరీ తగలబడి క్లాసు మూసేశారని ఒక ఉత్తరం మొత్తం రాశాను కూడా, చాలా బాగా వచ్చింది, మంటల వర్ణన చదివి నాకే చెమట పట్టింది. మీ మరదలు అది చదివి చింపేసింది. "చెదపట్టిన చెక్కకి పాలిష్ కొడితే ఎన్నాళ్ళు మెరుస్తుందని మీరే అంటారుగా. వదిన దగ్గర ఆ చెద ఉంచకండి" అంది. సర్కారు మాట్లాడిన అరుదైన సందర్భం అది. అందుకే రాస్తున్నాను.

బొమ్మ సైకిలు మీద కట్టుకుని తీసుకెళ్ళింది నిజం. కిటికీ దగ్గర ఆనించింది నిజం. మాస్టారు వచ్చింది నిజం. ఆయన అన్నది ఇది: "ఎవరిదిది? దారికి అడ్డం, తీసెయ్యండి."

నేను తీసి పక్కన పెట్టాను. ఆయన నర్సు వెనక్కి వెళ్ళి ఊపిరి పీల్చారు.

ఉండబట్టలేక, ఆ తర్వాత ఒక రోజు నీ సంగతి అడిగాను. పేరు ఎత్తాను, నా మీసం నీ ఇష్టం. ఆయనకి నువ్వు గుర్తు లేవు. "గుమాస్తా చెయ్యి అన్నారటండీ" అంటే నవ్వారు. "అలా ఏదో ఒకటి అందరితో అంటాను. అంటే పౌరుషం వచ్చి బాగా వేస్తారు. వాళ్ళ నాన్న ఏం చేసేవాడు?" అన్నారు. గుమాస్తా అని చెప్పాను. "మరి ఇంకేమంటాను?" అన్నారు. నాతో పాలిష్ చెయ్యి అన్నారు. డ్రైవరుతో స్టీరింగు చెయ్యి. నర్సుతో సూది చెయ్యి అన్నారట, ఆవిడ "జాగ్రత్తండీ, రేపు మీకు పొడిచేది ఇదే" అందట. మన నాన్న వంటవాడైతే నీది గరిటె చెయ్యి అయ్యేది అక్కా. ఆయన దగ్గర ఆ మాట అరిగిపోయిన రబ్బరు స్టాంపు. నీ మీద పడినప్పుడు ఇంకా కొత్తదేమో, లోతుగా దిగింది.

ఇది నీకు అప్పుడే రాయాలి. రాయలేదు. ఎందుకంటే అప్పటికే నువ్వు ఎముకలున్నాయా, కనిపిస్తున్నాయా అని అడిగావు. అలా అడిగేదానికి దారికి అడ్డం అన్నారని ఎలా రాయను?

ఎముకల మాట నాది. ఆ రోజు క్లాసు అయిపోయి అందరూ వెళ్ళాక బొమ్మ గోనెలో చుట్టబోతూ ఆ చేతుల దగ్గర ఆగిపోయాను. పైకెత్తిన చెయ్యి వద్దంటోందో రమ్మంటోందో నాకే తెలియలేదు. నేను మెచ్చుకుంటే నువ్వేమంటావో మాత్రం తెలుసు. "నీకేం తెలుసురా పాలిష్ కోతీ" అంటావు. అందుకే ఆయన నోట్లో పెట్టాను. బడిలో దొంగ సంతకం పెట్టినవాణ్ణి, నాకిది కొత్త కాదు.

కోపం వస్తే రా, వచ్చి తిట్టు. కానీ ఆదివారం మాత్రం రా. బొమ్మ తీసుకురా. మొహం వేసింది ఆయన మాట కాదు, నా మాట కూడా కాదు. మేమిద్దరం మీ వంటింట్లో లేము.

ఆ ఫ్రేము కూడా మర్చిపోకుండా తీసుకురా. అద్దం పవరు చూసి, బిగించి, ఆ తర్వాత బొమ్మ ఆయన ముందు పెడదాం. అప్పుడు ఏమంటారో ఇద్దరం కలిసి మొదటిసారి విందాం. ఎందుకంటే వాంగ్మూలంలో ఇంకో తప్పు ఉంది. చొక్కా అంచుతో తుడిచారన్నాను, కాడకి దారం చుట్టి ఉందన్నాను. నువ్వు అంతలా గుచ్చి అడిగేసరికి రాసేశాను. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలాడినని ఒప్పుకున్నట్టని ఆయన ఇప్పటిదాకా కొనలేదు. రంగు ట్యూబు పేరు నర్సు చేత చదివించుకుంటారు.

ఆయన ముక్కు మీద ఆ కళ్ళజోడు పెట్టింది నేనే అక్కా.

తమ్ముడు